చక్రం నట్టు బిగించేటప్పుడు: పిల్లలకు పెదనాన్న ఉత్తరం

పిల్లలూ,

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చి వాకిట్లో కారు ఆపగానే చిన్నోడు ఏమన్నాడో గుర్తుందా? "సూర్యాపేట దాటాక ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్‌మని చప్పుడొచ్చింది పెదనాన్నా, పాటలు పెట్టుకుంటే వినపడలేదులే" అన్నాడు. వీల్ క్యాప్ పీకి చూస్తే నాలుగు నట్లలో ఒకటి చేత్తోనే తిరుగుతోంది, ఇంకొకటి అసలు లేదు, దాని స్టడ్డు, అంటే నట్టు ఎక్కే మరల కడ్డీ, మొదలంటా విరిగిపోయి ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కారులో మీరు నలుగురూ ఉన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అందుకే ఇదంతా రాసి పెడుతున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

అంతకుముందు వారం ఎక్కడో పంచర్ వేయించి చక్రం బిగించారన్నారు. అక్కడే ఒక నట్టు వదులుగా ఉండిపోయి ఉంటుంది. బండి బరువుని మోసేది స్టడ్లే అని చాలామంది అనుకుంటారు, కానీ సంగతి వేరు. నట్టు బిగించినప్పుడు స్టడ్డు రవ్వంత సాగుతుంది, సాగిన స్ప్రింగులా వెనక్కి లాగుతుంది, ఆ లాగుడుకి చక్రం హబ్ ముఖానికి, అంటే స్టడ్లు ఉండే ఇరుసు చివరి బిళ్లకి, గట్టిగా అతుక్కుంటుంది. బరువునీ బ్రేకు దెబ్బనీ తట్టుకునేది ఆ రెండిటి మధ్య పట్టు. నట్టు వదులైతే ఆ పట్టు పోయి చక్రం హబ్ మీద కదులుతుంది, తిరిగిన ప్రతిసారీ స్టడ్డు అటూ ఇటూ వంగుతుంది. ఇనప తీగని అటూ ఇటూ వంచి తుంచుతాం చూడండి, అచ్చం అలాగే తెగుతుంది. విరిగిన ముక్క మీ చేతికిచ్చి వేలితో తడమమన్నాను కదా, ఒక పక్క నున్నగా, ఇంకో పక్క గరుకుగా తగిలింది. నున్నటిది కొంచెం కొంచెంగా చీలుతూ వచ్చిన భాగం, గరుకుది చివర్లో ఒక్కసారిగా తెగిన భాగం. అంటే అది ఆ రోజు రోడ్డు మీద మొదలైన జబ్బు కాదు.

అలాగని పానా మీదెక్కి తొక్కితే మంచిదనుకోకండి. నట్టుని తిప్పే బలం, అంటే టార్క్, టయోటా కార్లలో చాలావాటికి 103 న్యూటన్ మీటర్లు, హోండా వాటిలో చాలావాటికి 108 అని కంపెనీ వాళ్లే చెబుతారు, మీ బండిది మాన్యువల్‌లో ఉంటుంది. పావు మీటరు పొడవున్న పానా చివర 70 కిలోల మనిషి నిలబడితే 170 దాటిపోతుంది! అలా సాగదీసిన స్టడ్డు మళ్లీ వెనక్కి రాదు, దానికి లాగే శక్తి ఉండదు. స్టడ్డు మరకి, అంటే నట్టు తిరిగే చుట్ల గాళ్లకి, నూనె, గ్రీజు కూడా వద్దు. తుప్పు పట్టకూడదని నేనూ చాలా ఏళ్లు రాసేవాణ్ణి, అది తప్పు. మనం పెట్టే బలంలో ఎక్కువ భాగం రాపిడికే పోతుందని లెక్కగట్టి ఆ అంకె ఇస్తారు, జారుడు పెరిగితే అదే అంకెకి స్టడ్డు మరీ ఎక్కువ సాగిపోతుంది.

మర్నాడు ఆటోనగర్ నుంచి స్టడ్లు తెప్పిస్తే "విరిగింది ఒకటే కదా, నాలుగూ ఎందుకు?" అన్నావు పెద్దోడా. ఆ ఒక్కటీ పని మానేసినన్నాళ్లూ దాని వంతు పని కూడా మిగిలిన మూడే చేశాయి, అవీ లోపల అలిసిపోయి ఉంటాయి, పైకి కనపడదు అంతే. స్టడ్డు మార్చడం చేయి తిరిగినవాళ్లు పక్కనుంటేనే చేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు, కింద స్టాండు పెట్టాల్సిందే. బ్రేకు క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం) విప్పాక దాన్ని బ్రేకు ఆయిలు గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో పైకి కట్టాను, చూశారు కదా. పాత స్టడ్డుని సుత్తితో బాదితే ఆ దెబ్బలన్నీ బేరింగ్‌కి తగులుతాయి, అందుకే క్లాంపు పెట్టి నెమ్మదిగా వెనక్కి నెట్టించాను. కొత్తదాన్ని వెనకనుంచి దూర్చి, దాని పళ్లు హబ్ రంధ్రంలో సరిగ్గా కూర్చునేలా చూసి, ముందువైపు నాలుగు వాషర్లు వేసి నట్టు తిరగేసి బిగిస్తూ లోపలికి లాగాలి. దీనికి మాత్రం గాలితో నట్లు బిగించే ఎయిర్ గన్ వద్దు, చేతి పానాతోనే. ఉన్నట్టుండి పానా బరువెక్కుతుంది. అప్పుడు ఆగి వెనక్కి తొంగి చూడండి, స్టడ్డు తల హబ్‌కి పూర్తిగా ఆనుకుందా, లేక గోరు పట్టేంత సందుందా అని. సందు మిగిలితే నాలుగు రోజులు తిరిగాక స్టడ్డు లోపలికి సర్దుకుంటుంది, నట్టు దానంతటదే వదులవుతుంది.

ఇక మామూలుగా స్టెప్నీ మార్చేటప్పుడు: గట్టి నేల, హ్యాండ్ బ్రేకు, చక్రాల కింద రాళ్లు, ఇవి మీకు తెలిసినవే. బండి లేపకముందే నట్లు కొంచెం వదులు చేసుకోండి. హబ్ ముఖం మీద తుప్పూ మట్టీ ఉంటే వైరు బ్రష్‌తో గీకండి, ఆ పొర నలిగిపోతే బిగింపు తగ్గిపోతుంది. ప్రతి నట్టునీ మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే ఎక్కించాలి, అడ్డం పడితే వేలికి వెంటనే తెలుస్తుంది, గన్‌కి తెలియదు, మరని కొరుక్కుంటూ పోతుంది. నట్టు మొన కూడా చక్రంలో గుంటకి తగ్గదే ఉండాలి. హోండా వాటికి గుండ్రంగా ఉంటుంది, చాలా కార్లకి ఏటవాలుగా ఉంటుంది, కాబట్టి మర సరిపోయింది కదా అని ఒకదానికి ఇంకొకటి వాడకండి. ఒకటి బిగించాక దాని ఎదురుదానికి వెళ్లాలి, పక్కదానికి కాదు. బండి కిందకి దించాకే చివరి బిగింపు, టార్క్ రెంచ్ (కావలసిన అంకె పెట్టుకుని బిగించే పానా) ఒక్కసారి టక్కుమనగానే ఆపేయండి.

100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలన్నాను, మీరు నిజంగానే కోదాడలో ఆగి చక్రం చల్లారాక చూశారట, ఒక నట్టు ఇంకొంచెం తిరిగిందని ఫోన్ చేశారు. ఆ ఫోన్ వచ్చాకే నేను అన్నం తిన్నాను. డిక్కీలో పెట్టిన రెంచ్ నాకు తిరిగివ్వక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి, వాడిన ప్రతిసారీ దాని అంకెని అన్నిటికన్నా తక్కువదానికి తిప్పి పెట్టండి, లేకపోతే లోపలి స్ప్రింగు బలం తగ్గిపోతుంది.

మీ పెదనాన్న