బిల్లు పైకొచ్చేటప్పుడే

మా దిక్కు బావిని బాయి అంటాం. బొగ్గుగనినీ బాయే అంటాం. భూపాలపల్లిలోనో గోదావరిఖనిలోనో ఒక ఇంటికి పోయి నాయిన ఏడిరా అని పిల్లల్ని అడిగితే, "బాయి మీదికి పోయిండు" అంటారు. నీళ్లు తోడటానికి పోయాడని కాదు, సింగరేణి డ్యూటీకి పోయాడని. నేను ఈత నేర్చింది మాత్రం మొదటి రకం బాయిలో. పరకాల దగ్గర మా ఊళ్లో, ఎండాకాలం సెలవుల్లో, మా కాక నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి మోటబాయిలోకి తోసేశాడు. నెల తిరిగేసరికి బుర్రలు పోయాయి, గడ్డ మీది నుంచి దూకడం వచ్చింది. ఆ తర్వాత మాకు పందెం ఒక్కటే. అడుగున పడేసిన తెల్లరాయిని ఎవడు తెస్తాడు? గట్టిగా ఊపిరి బిగబట్టినవాడు తెస్తాడు.

నిరుడు మా బావమరిది కుటుంబంతో కలిసి మాల్దీవులకు పోయాం. దీవి మొత్తం ఒకటే రిసార్టు, ఇరవై నిమిషాల్లో చుట్టి రావచ్చు. దిగగానే చేతికి ఒక పట్టీ కట్టారు. అది ఉంటే మూడు పూటలా తిన్నంత తిండి, తాగేవాళ్లకు తాగినంత. పోయేటప్పుడు బిల్లు ఉండదు, ఎందుకంటే ముందే గుంజేశారు. ఒకప్పుడు ఈ దీవుల గవ్వలు ఓడలకొద్దీ బెంగాలుకు వచ్చి అక్కడ డబ్బుగా చెల్లేవి. "చిల్లిగవ్వ లేదు" అని మనం ఇప్పటికీ అనే మాటలో ఉన్నది గవ్వ డబ్బైన ఆ కాలమే. ప్యాకేజీ రేటు చూశాక, ఆ గవ్వలన్నీ వడ్డీతో సహా వాళ్లకు తిరిగి ముట్టాయనిపించింది.

డైవింగ్ మా నలుగురికీ కొత్త. మొదటి పాఠం నడుం లోతు నీళ్లలో. నేర్పే కుర్రాడు కేరళవాడు, హిందీలో మాట్లాడుతున్నాడు. ఈత వచ్చా అని అడిగితే మా బావమరిది నా భుజం తట్టి, "మా బావ బాయి అడుగు ముట్టి వచ్చే మనిషి" అని గొప్పగా చెప్పాడు. నిమిషం పైగా ఊపిరి బిగబట్టగలనని నేనూ వేలు చూపించాను. ఆ కుర్రాడు నవ్వలేదు. "అయితే మీతోనే నాకు టెన్షన్" అన్నాడు. సిలిండర్ కట్టుకుని దిగేవాళ్లకు మొట్టమొదటి నియమం, ఊపిరి ఎన్నడూ బిగబట్టకూడదు.

నాకు మొదట అవమానంగా అనిపించింది. తర్వాత లెక్క అర్థమైంది.

నెత్తి మీద ఆకాశం దాకా ఉన్న గాలి మొత్తం మనల్ని ఎంత నొక్కుతుందో, పది మీటర్ల లోతు సముద్రపు నీళ్లు దాదాపు అంతే నొక్కుతాయి. అంటే పది మీటర్ల లోతులో ఒత్తిడి రెండింతలు, ఇరవైలో మూడింతలు, ముప్పైలో నాలుగింతలు. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి ఈ నొక్కుడు కండకూ ఎముకకూ తెలియదు. తెలిసేది గాలి ఉన్న చోట్లకే: ఊపిరితిత్తులు, చెవులు, ముక్కు వెనకాల గూళ్లు. సినిమాల్లో హీరో చెరువులో దాక్కుని బోలు కాడతో గాలి పీల్చుకుంటాడు చూడండి, ఆ కాడ మీటరు పొడవుంటే ఆ ఆట సాగదు. ఒక్క మీటరు లోతులో ఛాతీ మీద పడే అదనపు ఒత్తిడి, ఎనుమాముల మార్కెట్లో హమాలీలు మోసే మిర్చి బస్తాలు రెండు మీద పెట్టినంత. వాటిని లేపుతూ ఊపిరి తీయడం మనిషి కండరాల వల్ల కాదు.

అందుకే కింద పీల్చే గాలి కూడా చుట్టూ ఉన్న నీళ్లంత ఒత్తిడితోనే నోట్లోకి రావాలి. ఆ పని చేసే వాల్వును 1943లో ఫ్రాన్స్‌లో ఇద్దరు తయారు చేశారు, నౌకాదళంలో పనిచేసే కూస్తో, ఇంజనీరు గాన్యాన్. యుద్ధంలో పెట్రోలు దొరక్క కార్లను గ్యాసుతో నడుపుతున్న రోజులు. ఇంజను ఎంత పీలిస్తే అంతే గ్యాసు వదిలే వాల్వు గాన్యాన్ దగ్గర అప్పటికే ఉంది. దాన్నే మనిషి ఊపిరికి తగ్గట్టు మార్చారు. ఇంకో మాట. వీపు మీద సిలిండర్ చూసి అందరూ "ఆక్సిజన్" అంటారు, మా ఆవిడా అంది. అందులో ఉన్నది ఉత్త గాలే, మనం హన్మకొండ చౌరస్తాలో పీల్చేదే, పొగా దుమ్మూ తీసేసి. పదకొండు లీటర్ల సిలిండర్‌లోకి రెండు వేల పైచిలుకు లీటర్ల గాలిని కూరుతారు. ఆ గాలి బరువే దాదాపు రెండున్నర కిలోలు.

ఇప్పుడు బాయి లెక్క, సముద్రం లెక్క పక్కపక్కన పెట్టి చూడండి. గడ్డ మీద నిలబడి ఆరు లీటర్ల గాలి గుండెల నిండా పీల్చి దూకాను. ఐదు మీటర్ల అడుగుకు పోయేసరికి ఒత్తిడి ఒకటిన్నర రెట్లు, కాబట్టి ఆ ఆరు లీటర్లు నలిగి నాలుగయ్యాయి. రాయి పట్టుకుని పైకొస్తుంటే మళ్లీ సాగి ఆరయ్యాయి. పోయినంతే వచ్చింది, ఊపిరితిత్తులకు నష్టం లేదు. వాయువు మీద ఒత్తిడి రెండింతలైతే దాని పరిమాణం సగమవుతుందన్న ఈ లెక్కను రాబర్ట్ బాయిల్ 1662లో అచ్చు వేశాడు.

అదే సముద్రంలో పది మీటర్ల లోతున, సిలిండర్ నుంచి ఆరు లీటర్లు నిండా పీల్చాననుకోండి. అది రెండింతల ఒత్తిడిలో ఉన్న ఆరు లీటర్లు. బాయి అలవాటుతో నోరు బిగించి పైకి తన్నుకొచ్చానంటే, పైన దానికి పన్నెండు లీటర్ల చోటు కావాలి. నా దగ్గర ఉన్న సంచీ ఆరు లీటర్లదే. ఊపిరితిత్తి చిరుగుతుంది, బుడగలు నెత్తుట్లోకి పోతాయి, అక్కడి నుంచి మెదడుకూ పోవచ్చు. ఇందుకు పది మీటర్లు కూడా అక్కర్లేదు. నిండు ఊపిరి బిగబట్టి మీటరు, మీటరున్నర పైకి లేచినా ప్రమాదమే. అందుకే ఆ పాఠం నడుం లోతులోనే మొదలుపెడతారు. చిన్నప్పుడు నన్ను మొనగాణ్ని చేసిన అలవాటు ఇక్కడ నా ప్రాణం తీయగలదు. ఈత అంతంతమాత్రమే వచ్చిన మా ఆవిడకు మరచిపోవాల్సిన విద్యేమీ లేదు కాబట్టి, మాలో అందరికంటే నిమ్మళంగా ఊపిరి తీసి వదిలింది. సిలిండర్ ముందుగా ఖాళీ చేసినవాణ్ని నేనే.

చెవుల సంగతి బాయి ముందే నేర్పింది. రెండు మనుషుల లోతు దిగగానే చెవిలో సూది పొడిచినట్టు ఉండేది, "గుటక మింగరా" అనేవాడు కాక. కర్ణభేరి వెనకాల గది నుంచి గొంతుకు సన్నటి గొట్టం ఉంటుంది. గుటక మింగితే అది తెరుచుకుని లోపలికి గాలి పోతుంది, రెండు వైపులా ఒత్తిడి సమమవుతుంది. డైవింగ్‌లో ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదమంటారు. 1704లో చెవి మీద గ్రంథం వెలువరించిన ఇటలీ వైద్యుడు వల్సాల్వా పేరు మీద ఆ పద్ధతి ఉంది, ఆయన దాన్ని చెప్పింది చెవిలోని చీము బయటికి పోవడానికి. జలుబు చేస్తే ఆ గొట్టం వాచి మూసుకుంటుంది, అప్పుడు దిగనివ్వరు. ఏసీ గదిలో పడుకుని రెండో రోజు జలుబు తెచ్చుకున్న మా బావమరిది ఆ రోజంతా ఒడ్డున కూర్చుని ప్యాకేజీ గిట్టుబాటయ్యేలా తిన్నాడు.

మూడో రోజు పది మీటర్లు దిగాం. మా బావమరిది ఎర్ర నిక్కరు కింద మట్టి రంగుకు మారింది. నీళ్లు ఎరుపును అన్నిటికంటే ముందు మింగేస్తాయి, మిగిలేది నీలమే. అంతలో చేపల గుంపు చూసి ఉబ్బిపోయి, బ్రహ్మాండం అన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించాడు. నీళ్లలో ఆ సైగకు "పైకి పోదాం" అని అర్థం. కుర్రాడు బుద్ధిగా అతని చెయ్యి పట్టుకుని పైకి తీసుకుపోయాడు.

తీసుకుపోవడం కూడా ఎంత నెమ్మదనుకున్నారు! నిమిషానికి తొమ్మిది మీటర్లు మించకుండా లేచి, మళ్లీ ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఊపిరి వదులుతూనే ఉన్నా ఈ ఆలస్యం దేనికి? ఇక్కడే రెండో రకం బాయి కథలోకి వస్తుంది.

1840 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ట్రిజే అనే ఇంజనీరు లువార్ నది ఇసుక కింద ఉన్న బొగ్గు కోసం బాయి తవ్వించాడు. ఎంత తోడినా ఊట ఆగలేదు. దాంతో ఇనుప గొట్టం దించి, పైన మూసి, లోపలికి గాలి గట్టిగా కొట్టించాడు. ఆ ఒత్తిడికి నీళ్లు వెనక్కి పోయాయి, కూలీలు పొడి నేల మీద తవ్వుకున్నారు. లోపల ఉన్నంతసేపు బాగానే ఉన్నారు. బయటికొచ్చాక ఒకరికి చెయ్యి, ఇంకొకరికి మోకాళ్లు భరించలేనంత నొప్పి. ఉత్తర ఫ్రాన్స్‌లో ఇలాంటి బొగ్గుబాయిలోనే పనివాళ్లను గమనించిన పోల్, వాటెల్ అనే ఇద్దరు వైద్యులు 1854లో ఒక మాట రాశారు: లోపలికి పోవడంలో ప్రమాదం లేదు, డబ్బు చెల్లించేది బయటికొచ్చేటప్పుడే. చేతికి ప్యాకేజీ పట్టీ ఉన్నవాడికి ఈ మాట బాగా తగులుతుంది.

కారణాన్ని 1878లో పోల్ బేర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తేల్చాడు. గాలిలో ఐదింట నాలుగు వంతులు నైట్రోజనే. ఒత్తిడి పెరిగినకొద్దీ అది నెత్తుట్లో, కొవ్వులో ఎక్కువగా కరుగుతుంది. ఒత్తిడి ఉన్నంతసేపు కిక్కురుమనదు. గోలీసోడాలో గ్యాసు కూడా గోలీ నొక్కేదాకా కనపడదు కదా! తటాలున పైకొస్తే నైట్రోజన్ కూడా అలాగే బుడగలు కడుతుంది, కీళ్లలో, వెన్నుపాములో. నొప్పితో వంగిపోయే పనివాళ్లను చూసి అమెరికావాళ్లు దీన్ని బెండ్స్ అన్నారు. మన బెండు మనిషిని తేలుస్తుంది, వాళ్ల బెండు తొందరగా తేలినవాణ్ని పడగొడుతుంది.

ఎంత నెమ్మదిగా రావాలో మేకల మీద ప్రయోగాలు చేసి, 1908లో పట్టికలు వేసింది బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. బొగ్గుబాయిల్లో విషవాయువును పసిగట్టడానికి కెనరీ పిట్టలను తీసుకుపొమ్మన్నదీ ఈయనే. కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గామి సిబ్బంది కోసం తనను తానే ఒత్తిడి గదుల్లో మూసుకుని పరీక్షించుకున్నాడు. కర్ణభేరికి చిల్లు పడితే చెవిలోంచి పొగాకు పొగ వదలొచ్చు, పదిమందిలో చూపించుకునే విద్య అని నవ్వేశాడు. ఆయన 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడు. ఈ సంగతి మన పాఠాల్లో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

చివరి రోజు పొద్దున ఇంకో డైవ్ వేద్దామని మా బావమరిది పట్టుబట్టాడు, రాత్రికి విమానం. కుర్రాడు ఒప్పుకోలేదు. వరసగా కొన్ని రోజులు దిగినవాళ్లు కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి. విమానం లోపల ఒత్తిడి ఇంచుమించు ఊటీ కొండ మీద ఉన్నంతే. ఒంట్లో ఇంకా మిగిలిన నైట్రోజన్‌కు అది మళ్లీ గోలీ నొక్కినట్టే. "డబ్బులు కట్టినం కదా" అని నాతో గొణిగాడు. నైట్రోజన్‌కు ప్యాకేజీ వర్తించదు అన్నాను.

దసరాకు ఊరికి పోయాం. వానలు బాగా పడి బాయి గడ్డ దాకా నిండింది. మా కాక మనవడు, పదకొండేళ్లవాడు, రాయి కోసం మునిగాడు. నీళ్ల కింద వాడు పైకొస్తుండటం కనిపించగానే మా బావమరిది గడ్డ మీది నుంచి ఒకటే కేకలు, "ఊపిరి బిగబట్టకురా! వదులుకుంట రా!"

వాడు తేలి, మొహం మీది నీళ్లు తుడుచుకుని, చేతిలో రాయి చూపించాడు.

"వదిలితే ఇది ఎట్ల తేవాలె మామా?"

వాడన్నది సరైన లెక్కే. వాడు లోపల దాచుకున్న ఊపిరి గడ్డ మీద పీల్చింది. ఆ మాట మా బావమరిదికి విడమరచి చెప్పేలోపే వాడు రాయిని మళ్లీ మధ్యలోకి విసిరి, దాని వెనకే దూకేశాడు.