టెన్షన్‌కు రక్తపరీక్షా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో ప్లస్ టూ చదివే పిల్లలకు గుండె దడ, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం మొదలైతే ముందు గ్యాస్ బిళ్ల వేస్తారు. తగ్గకపోతే తాయెత్తు కడతారు, ఆ తర్వాత రక్తపరీక్షకు తీసుకెళ్తారు. రిపోర్టులో సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్, అంటే రోగనిరోధక శక్తి ఒంట్లో రేపే మంట ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) కాస్త ఎక్కువగా కనిపిస్తే, "ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంది, టెన్షన్ దానివల్లే" అనేవాళ్లు ఇప్పుడు దొరుకుతున్నారు. ఈ మాట పూర్తిగా గాలికబురు కాదు. దాని వెనుక వందేళ్ల చరిత్ర ఉంది.

ఒంట్లో జబ్బుకూ మనసుకూ లంకె వెతికిన ఆ చరిత్ర మలేరియాతో మొదలైంది. 1917లో వియన్నా వైద్యుడు వాగ్నర్ యౌరెగ్, సిఫిలిస్ మెదడుకు పాకి మతి చలించిన రోగులకు మలేరియా రక్తం ఎక్కించి జ్వరం తెప్పించాడు. కొందరు కోలుకున్నారు, కొందరు చనిపోయారు. 1927లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. కోరాపుట్ అడవుల్లో తరతరాలుగా జనాన్ని మింగిన జ్వరం అక్కడ మందైంది!

తర్వాత చాలాకాలం మనసు వైద్యం ఒక దారి, రోగనిరోధక శక్తి పరిశోధన ఇంకో దారి. 1988లో అమెరికా పశువైద్యుడు బెంజమిన్ హార్ట్, జబ్బుపడిన జంతువు మేత మాని మూలన ముడుచుకోవడం ఉత్త నీరసం కాదన్నాడు. రోగంతో పోరాడటానికి శరీరం అలా శక్తి దాచుకుంటుందన్నది ఆయన వాదన. 1990ల్లో హెపటైటిస్ సి అనే కాలేయ జబ్బుకు, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే ఇంటర్‌ఫెరాన్ మందు తీసుకున్న రోగులు చాలామంది దిగులులో పడ్డారు. అసలు మలుపు 2001లో వచ్చింది. జర్మనీలో 20 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు బ్యాక్టీరియా విషాన్ని చాలా తక్కువ మోతాదులో ఎక్కించారు. కొన్ని గంటల్లోనే వాళ్లలో ఆందోళన, దిగులు పెరిగాయి, జ్ఞాపకశక్తి తగ్గింది. రోగనిరోధక కణాలు వదిలే సైటోకైన్లు రక్తం ద్వారా, వేగస్ నాడి ద్వారా మెదడుకు కబురు పంపుతాయన్న వాదనకు బలం వచ్చింది.

పిల్లల సంగతి ఆలస్యంగా తేలింది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో 1991, 92ల్లో పుట్టిన వాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తున్నారు. వాళ్లకు 16 ఏళ్లున్నప్పటి లెక్కలు 2016లో అచ్చయ్యాయి. సీఆర్‌పీ ఎక్కువున్న వాళ్లలో ఆందోళన రుగ్మత ఎక్కువగా కనిపించింది. అయితే ఏది ముందు, ఏది వెనుక? ఆ లెక్క చెప్పలేదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్ పరిశీలన 2007లో రెండోవైపు చూపించింది: చిన్నతనంలో హింసకు గురైనవాళ్లకు 32 ఏళ్ల వయసులో సీఆర్‌పీ ఎక్కువగా ఉంది. అంటే బాధే ఒంట్లో మంటకు కారణం కావచ్చు.

మన వైపు చిక్కు ఇంకా ఎక్కువ. సీఆర్‌పీ కాలేయం తయారుచేసే ప్రొటీన్. మలేరియా వచ్చినా, పంటికి చీము పట్టినా, సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్నా, ఊబకాయం ఉన్నా పెరుగుతుంది. అలాంటి పరీక్షతో ఇక్కడి పిల్లల భయాన్ని ఎవరు కొలుస్తారు? పైగా 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఒడిశా లేదు, ఆంధ్రా లేదు. సరిహద్దుకు అటూ ఇటూ ఖాళీయే.

ఆందోళనకు పనిచేసే వైద్యం మాత్రం ఉంది. 2008లో అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల 488 మందిపై చేసిన పరీక్షలో మందు, మాటల చికిత్స కలిపి తీసుకున్న వాళ్లలో 81 శాతం బాగుపడ్డారు. ఉత్తుత్తి మాత్రతో బాగుపడింది 24 శాతమే. మాటల చికిత్స అంటే పిల్ల తన భాషలో చెప్పుకోగలగాలి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు ఇది చిన్న విషయం కాదు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి భాష ఎంచుకోవచ్చు.