నల్లగొండ నీళ్లు, అమెరికా పుకారు

ఆదివారం సాయంత్రం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక చాయ్ హోటల్లో మేం నలుగురం కలుస్తాం. బడి రోజుల నుంచి ఉన్న అలవాటు. ఒకడు ఎరువుల దుకాణం నడుపుతాడు, ఇంకొకడు సెల్ టవర్ల మరమ్మతు పని చేస్తాడు, మూడోవాడు మర్రిగూడ వైపు ఊరివాడు, రెండుసార్లు వార్డు సభ్యుడిగా గెలిచాడు. నేను కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతాను. ఎన్నికల దగ్గర మొదలైన మాట కృత్రిమ మేధ మీదికి, అక్కడి నుంచి ఏదో దేశం దాచిపెట్టిన రహస్యం మీదికి పోతుంది. మొన్న మర్రిగూడ మిత్రుడు ఒక వీడియో తెరిచి ఫోను బల్ల మధ్యలో పెట్టాడు. జనం బుద్ధి మందగించాలని అమెరికా ప్రభుత్వం తాగునీటిలో ఫ్లోరైడ్ కలుపుతోందట. హిట్లర్ నిర్బంధ శిబిరాల్లో ఖైదీలకూ ఇదే తాగించారట.

"మన నీళ్లలో ఉండేదీ అదే కదా. మరి మనకు ఎవరు కలిపారు?" అని అడిగాడు.

అతని పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. గారపళ్లని బడిలో అందరూ ఏడిపించేవారు. అతని పెద్దమ్మ నడుము వంగిపోయి, చివరి పదేళ్లు ఆకాశం చూడలేక నేల చూస్తూనే బతికింది. అలాంటి ఇంటి నుంచి వచ్చిన మనిషి అడిగిన ప్రశ్నను పుకారని కొట్టిపారేయడం నాకు చేతకాలేదు. ఆ సాయంత్రం చెప్పగలిగినంత చెప్పాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

మనకు ఎవరూ కలపలేదు. కొండ కలిపింది. ఊరి పేరులోనే నల్లని కొండ ఉంది. ఈ జిల్లా నేల కింద పరుచుకున్నది గ్రానైటు. అందులో ఫ్లోరైట్, ఎపటైట్, బయోటైట్ అనే నల్ల అభ్రకం వంటి ఖనిజాలుంటాయి. వాన నీరు రాతి పగుళ్లలోకి దిగి ఏళ్ల తరబడి అక్కడే నిలిచిపోతే, ఆ ఖనిజాల్లోని ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా కరిగి నీటిలో చేరుతుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దించేస్తుంది. మన భూగర్భ జలాల్లో చాలాచోట్ల కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువ. అందుకే కరిగిన ఫ్లోరైడ్ కరిగినట్టే ఉండిపోతుంది. వానలు తక్కువ కాబట్టి ఆ నీటిని పలుచన చేసేదీ లేదు. చెరువులు, పైబావులు ఎండి బోర్లు లోతుకు పోయిన కొద్దీ రాతితో ఎక్కువ కాలం కలిసున్న నీటినే మనం పైకి తోడుకున్నాం.

ఇంతకూ ఎంత ఉంటే ప్రమాదం? మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా 1.5. నల్లగొండ బోర్లలో ఇది చాలా ఊళ్లలో ఈ హద్దుకు రెండు మూడింతలు ఉండేది, కొన్నిచోట్ల 10 దాటింది. అమెరికాలో కలపమని సూచించేది 0.7. ఇక్కడొక లెక్క వేసి చూడాలి. ఇంటిపట్టున ఉండి రోజుకు రెండు లీటర్లు తాగే అమెరికా మనిషికి నీటి ద్వారా అందేది 1.4 మిల్లీగ్రాములు. లీటరుకు 5 మిల్లీగ్రాములున్న బోరు నీటిని మే నెల ఎండలో ఐదు లీటర్లు తాగే మన కూలికి అందేది 25. పేరు ఒకటే అయినా ఒంట్లోకి చేరేది దాదాపు పద్దెనిమిది రెట్లు. వీడియో చేసినవాళ్లకు కావలసింది పేరు ఒక్కటే. అంకె చెబితే కథ నిలవదు కాబట్టి అంకె చెప్పలేదు.

ఎక్కువైన ఫ్లోరైడ్ చిన్నపిల్లల్లో చిగురు కింద రూపుదిద్దుకుంటున్న పంటి పింగాణీని చెడగొడుతుంది. ఎనిమిదేళ్ల లోపు తాగిన నీరే పళ్ల మీద గుర్తుగా మిగులుతుంది. పెద్దవయసులో తాగితే పళ్లు మారవు. కానీ ఎముక మారుతుంది. ఎముకలో ఫ్లోరైడ్ పేరుకుని, కీళ్ల చుట్టూ ఉండే కండర బంధనాలు సున్నంలా గట్టిపడి, వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. పెద్దమ్మ తల ఎత్తలేకపోయింది అందుకే. మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో ప్రపంచానికి చెప్పారు. తిండిలో కాల్షియం తక్కువైన పేదల ఒంట్లో ఈ విషం రెట్టింపు బలంతో పనిచేస్తుంది. తెలుగు నేల మీద ఈ జబ్బును వైద్యులు మొదట రాసిపెట్టింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో.

ఇప్పుడు అమెరికా సంగతి. నీటిలో ఫ్లోరైడ్ కలపడం పచ్చి నిజం, రహస్యం అసలే కాదు. ఆ కథ ఫ్లోరైడ్ కలపడంతో కాదు, మరకలతో మొదలైంది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌కు వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు అక్కడి పిల్లల గోధుమరంగు పళ్లు చూసి ఆశ్చర్యపోయాడు. పందిమాంసం ఎక్కువ తినడం వల్లనని ఒకరు, నాసిరకం పాల వల్లనని ఒకరు చెప్పారు. ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊళ్లో మాత్రం తల్లులు ఒక సంగతి గమనించారు: దూరపు వేడినీటి ఊట నుంచి ఊరికి గొట్టం వేసిన తరువాతే తమ పిల్లల పళ్లకు మరకలు పడ్డాయి. మెకే నీటిని పరీక్షించాడు, తేడా ఏమీ కనిపించలేదు. అయినా ఆ తల్లుల మాటకు విలువిచ్చి ఆ గొట్టం మానేయమన్నాడు. ఊరు మానేసింది. కొన్నేళ్లకు పుట్టుకొచ్చిన కొత్త పళ్లు తెల్లగా ఉన్నాయి. సైన్సు చరిత్రలో నాకు ఇష్టమైన ఘట్టాల్లో ఇదొకటి. నీటిలో ఏముందో ఎవరికీ తెలియకముందే నీటిదే తప్పని ఆ తల్లులు రుజువు చేశారు.

ఆ ఏముందో 1931లో తేలింది. బాక్సైట్ అనే ఊళ్లోనూ ఇవే మరకలు కనిపించాయి. ఆ ఊరు ఒక పెద్ద అల్యూమినియం కంపెనీది. తమ లోహానికి చెడ్డపేరు వస్తుందన్న కలవరంతో కంపెనీ ప్రధాన రసాయనవేత్త చర్చిల్ నీటిని పరీక్ష చేయించాడు. ఫ్లోరైడ్ వచ్చింది. నమూనా చెడిపోయిందేమోనని మళ్లీ తెప్పించాడు. మళ్లీ అదే వచ్చింది. ఆ తరువాత ట్రెండ్లీ డీన్ అనే ప్రభుత్వ దంతవైద్యుడు ఊరూరా కొలిచి చూస్తే, లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గర మరకలు పెద్దగా లేవు, పుచ్చుపళ్లు మాత్రం తగ్గాయి. దాని ఆధారంగా 1945 జనవరిలో గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం నీటిలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. ఇది కమ్యూనిస్టుల పన్నాగమని 1950ల నుంచే అక్కడ ప్రచారం సాగింది. నిర్బంధ శిబిరాల కథకు చరిత్ర పత్రాల్లో ఆధారం లేదు.

మెదడు మాట మాత్రం వట్టిది కాదు. ఈ ముక్క చెప్పకుండా మిత్రుణ్ణి ఒప్పించాలని చూస్తే అది నా వైపు నుంచి మోసం. అమెరికా ప్రభుత్వ విషశాస్త్ర విభాగం 2024 ఆగస్టులో ఒక నివేదిక ఇచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్‌కూ పిల్లల తెలివితేటల సూచిక తగ్గడానికీ సంబంధం ఉందని అందులో మధ్యస్థమైన నమ్మకంతో చెప్పింది. 0.7 దగ్గర ఏమవుతుందో చెప్పడానికి ఆధారాలు చాలవన్నది. 2025లో యూటా, ఆ వెంటనే ఫ్లోరిడా తాగునీటిలో ఫ్లోరైడ్ కలపడాన్ని నిషేధించాయి. ఆ నివేదికకు ముఖ్య ఆధారమైన అధ్యయనాలు అమెరికావి కావు. చైనా, భారత్ వంటి దేశాల పిల్లల మీద జరిగినవి. అంటే అందులోని భయం నిజానికి మర్రిగూడ పిల్లల గురించినది. వీడియోలో వాళ్ల ప్రస్తావనే లేదు. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

మా టవర్ల మిత్రుడు, "ఇన్ని నిజాలు తెలిసినా జనం వీడియోనే ఎందుకు నమ్ముతారు?" అన్నాడు. చదువు లేకపోవడం వల్లనే అన్న జవాబు నేను ఒప్పుకోను. ఒకే మాట పదేపదే వింటే అది నిజమనిపించడం చదువుకున్నవారికీ తప్పదని 1977 నుంచీ ప్రయోగాల్లో తేలుతూనే ఉంది. అంతకన్నా పెద్ద కారణం అడిగినప్పుడు జవాబు రాకపోవడం. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. వారిలో చాలామంది గెలుస్తామని కాదు, మా నీళ్ల గోడు వినమని. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. దశాబ్దాలపాటు విననివాళ్ల మీద అపనమ్మకం పెంచుకున్న జిల్లా ఇది. ఆ అపనమ్మకానికి ఒక ముఖాన్ని, ఒక దుర్మార్గుణ్ణి చూపిస్తుంది వీడియో. రాయికి ముఖం లేదు, నిర్లక్ష్యానికీ లేదు.

పుకారుకు జవాబిచ్చే పని ఎలా ఉంటుందో పక్కనే పాలమూరు చూపించింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ ఫోన్లలో వీడియోలు తిరిగి దేశంలో చాలాచోట్ల అమాయకుల ప్రాణాలు తీశాయి. జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను, కళాకారులను ఊళ్లకు పంపి డప్పు కొట్టించి, పాటలు పాడించి విషయం చెప్పించారు. ఫోనులో వచ్చినదానికి ఎదురుగా మనిషి వచ్చి నిలబడ్డాడు.

ఫ్లోరైడ్ విషయంలో అలా ఎదురుగా నిలబెట్టడానికి మన దగ్గర మన పేరుతోనే ఒక పద్ధతి ఉంది. నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన ఆ పద్ధతిని ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అంటుంది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి వేసి కలిపి కాసేపు వదిలేస్తే, పటికలోని అల్యూమినియం తుట్టెలు కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. టాంజానియా, ఇథియోపియా ఊళ్లలోనూ ఇది వాడారు. పటిక ఎక్కువ పడుతుంది, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది చిక్కు. మరగబెడితే మాత్రం ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. చివరికి మన ఊళ్లకు ఊరట తెచ్చింది కృష్ణా నీరే, మిషన్ భగీరథ గొట్టాల్లో.

తరువాతి ఆదివారం మిత్రుడు రెండు సీసాలు తెచ్చాడు. ఒకటి వాళ్ల వీధి పాత బోరు నీరు, రెండోది ఇంటి నల్లా నీరు. నేను కళాశాల నుంచి పరీక్ష పెట్టె తెచ్చాను. అందులోని గులాబీరంగు మందు ఫ్లోరైడ్ పెరిగిన కొద్దీ పసుపు వైపు మారుతుంది. చాయ్ గ్లాసులు పక్కకు జరిపి రెండు గొట్టాల్లో నీళ్లు పోసి, చుక్కలు వేయడం అతని చేతికే ఇచ్చాను. నల్లా నీరు గులాబీగానే ఉంది. బోరు నీరు చూస్తుండగానే పసుపుపచ్చగా మారింది.

చాలాసేపు ఆ గొట్టం వైపే చూశాడు. "మా బర్రెలు ఇంకా ఈ బోరు తొట్టిలోనే తాగుతున్నాయి. పాలలోకి వస్తుందా?" అన్నాడు.

"పాలలోకి పెద్దగా రాదు. కానీ బర్రెల పళ్లకు, ఎముకలకు పడుతుంది" అన్నాను.

లేచి పక్కకు వెళ్లి ఇంటికి ఫోను చేశాడు. రేపటి నుంచి బర్రెలను చెరువుకు తోలుకుపొమ్మని కొడుకుతో చెప్పడం మాకు వినిపించింది.