మంగళవారం మూసే షాపు, మంగళవారం తెరిచే సెలూన్

మంగళవారం మా వీధిలో హెయిర్ కటింగ్ షాపుకు షట్టర్ దించి ఉంటుంది. నాలుగు దుకాణాల అవతల, మెడికల్ షాపు మేడ మీదున్న ఏసీ సెలూన్‌కు మాత్రం వారం లేదు, వర్జ్యం లేదు. కింద షాపులో కటింగ్ నూట యాభై. పైన నాలుగు వందల పైచిలుకు, దాని మీద ట్యాక్సు. కార్పొరేట్ సెలూన్లు మా పొట్ట కొడుతున్నాయని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నాయీబ్రాహ్మణ సంఘాలు చాలా ఏళ్లుగా అంటున్నాయి. ఎవరికి నచ్చిన వ్యాపారం వాళ్లు పెట్టుకుంటారు, ఇందులో తప్పేముందని అడిగేవాళ్లూ ఉన్నారు. ఏసీ సెలూన్లు వచ్చిన రోజు నుంచి లెక్క మొదలుపెడితే ఈ తగాదా సగమే అర్థమవుతుంది.

వెనక్కి వెళ్తే విజయనగరం దాకా వెళ్లొచ్చు. సదాశివరాయలు పేరుకు రాజుగా, అళియ రామరాయలు అసలు అధికారిగా ఉన్న 1540లలో కొండోజు అనే మంగలి రామరాయలకు గడ్డం గీసేవాడు. ఆయన పనితనానికి మెచ్చి, ఆ వృత్తివాళ్ల మీదున్న పన్నులూ వెట్టీ తీసేశారు. ఆ సంగతి చెప్పే శాసనాలు అటు కన్నడ దేశంలోనూ ఇటు రాయలసీమలోనూ దొరికాయి. (‘మంగలి’ అనే పాత మాటను శాసనం ఉన్నచోట, సామెత ఉన్నచోట మాత్రమే వాడుతున్నాను. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.) చదవగానే ముచ్చటేస్తుంది. కాసేపు ఆలోచిస్తే మాత్రం, వెట్టి మాఫీ చేశారంటే అప్పటిదాకా వెట్టి చేయించుకున్నారనే కదా అనిపిస్తుంది. దొరగారి గడ్డం నున్నగా వస్తేనే ఆ బరువు దిగింది.

దిగింది కూడా అందరికీ కాదు, ఎప్పటికీ కాదు. నిజాం కాలంలో తెలంగాణ గడీల్లో వెట్టి చేసిన కులాల్లో వీళ్లూ ఉన్నారు. మిగతా ఊళ్లల్లో డబ్బుతో పనిలేని పద్ధతి నడిచింది. ఏడాది పొడవునా ఇంటిల్లిపాదికీ క్షవరం చేస్తే, పంట కల్లానికొచ్చినప్పుడు మేర కింద ఇన్ని కుంచాల గింజలు కొలిచేవాళ్లు. పంట పోతే మేరా పోయేది. పని మాత్రం ఆగేది కాదు. పైగా కత్తి పనితో సరిపోయేది కాదు. పెళ్లికి సన్నాయి వాళ్లదే. ఇంట్లో ఆడవాళ్లు మంత్రసానులు. గడ్డలు కోయడం, కట్లు కట్టడం కూడా వాళ్ల చేతిమీదే నడిచేది.

ఆ రోజుల షాపంతా చంకలో పట్టే ఒక పొది. తోలుతోనో గుడ్డతోనో కుట్టిన ఆ సంచిలో కత్తి, కత్తెర, గోళ్లు తీసే గోరుగల్లు, సాన రాయి, చిన్న గిన్నె, పటిక ముక్క, ఒక చేతి అద్దం ఉండేవి. పొద్దున్నే ఇంటికొచ్చి, అరుగు దగ్గరో పెరట్లోనో గొంతుక్కూర్చుని, ఎదుటివాడి తలను మోకాళ్ల మధ్యకు వంచుకుని పని చేసేవాళ్లు. చేయించుకున్నవాడు స్నానం చేస్తే గానీ ఇంట్లోకి రాకూడదు. చేసినవాడైతే గడప దాటే ప్రశ్నే లేదు. ‘మంగలి పాత, చాకలి కొత్త’ అనే సామెత చేయి తిరిగిన మంగలే కావాలంటుంది. చేయి తిరిగినందుకు గింజలు ఎక్కువ కొలవాలని ఏ సామెతా చెప్పదు.

ఈ కథలో ఇంకో పక్క కూడా ఉంది. సంఘాల కరపత్రాల్లో అది కనపడదు. చాలా ఊళ్లల్లో దళితులకు క్షవరం చేసేవాళ్లు కాదు. చేస్తే పై కులాలవాళ్లు తమకు చేయించుకోబోమని బెదిరించేవాళ్లన్నది నిజమే. అయినా తల మాసినవాడికి దక్కింది మాత్రం తిరస్కారమే. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో, దుకాణాల్లోకి రావడానికి కులం అడ్డు కాకూడదనే నిబంధన మీద చర్చలో ‘దుకాణం’ అన్న మాటకు ఏం అర్థం చెప్పుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అంబేడ్కర్ దాన్ని బాగా విశాలంగా తీసుకున్నారు. అడిగినవాళ్లకు సేవ అందించే చోటు ఏదైనా దుకాణమే అన్నారు. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. ఊళ్లో చట్టం ఎంత పనిచేసిందో గానీ, పట్నంలో రేట్ల బోర్డు పనిచేసింది. బోర్డు మీద రాసిన డబ్బు ఇచ్చినవాడికి కుర్చీ దొరికింది. గింజల నుంచి డబ్బుకు, అరుగు నుంచి కుర్చీకి మారడం రెండు వైపులా కొంత ఊపిరి ఇచ్చింది.

అలా బస్టాండు దగ్గర చెట్టు కింద పెట్టెతో మొదలై, రేకుల షెడ్డుకు, అక్కడి నుంచి తిరిగే కుర్చీకీ ఎదురెదురు అద్దాలకూ వచ్చింది షాపు. పిల్లల్ని కూర్చోబెట్టడానికి కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే చెక్క, రేడియో, నలిగిన పేపరు. పోటీ కూడా అప్పటికే మొదలైంది, కాకపోతే ఇంట్లోంచి. జిల్లెట్ సేఫ్టీ రేజర్‌కు అమెరికాలో 1904లో పేటెంట్ వచ్చింది. దాని పిల్లలూ మనవలూ మన మధ్యతరగతి ఇళ్లల్లోకి చేరేసరికి రోజువారీ గడ్డం గిరాకీ కరిగిపోయింది. మన ఊళ్లల్లో ఈ పనికి తగిలిన మొదటి పెద్ద దెబ్బ అదేనని నా లెక్క. దానికి ఎవరూ ధర్నా చేయలేదు.

రెండోది భయం వల్ల వచ్చింది. 1986లో చెన్నైలో హెచ్ఐవీ బయటపడ్డాక, తొంభైల్లో ఊరూరా ప్రచారం సాగింది. అప్పటిదాకా తోలు పట్టీ మీద సర్రుసర్రున నూరి, ఒకే కత్తితో పది గడ్డాలు గీసేవాళ్లు. ఆ తర్వాత కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ‘బ్లేడు మార్చు’ అనడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ చూడండి. కాగితం విప్పకుండానే బ్లేడును నిలువునా మడిచి టక్కున విరుస్తారు. సగం కత్తిలోకి, సగం డ్రాయర్‌లోకి. మనకు వినపడాలనే విరుస్తారేమో అనిపిస్తుంది. ఆ చప్పుడు విన్నాకే మెడ వెనక్కి వాలుతుంది.

ఇక చెయిన్ సెలూన్లు. చెన్నైలో 2000లో నేచురల్స్, 2002లో కెవిన్‌కేర్ వాళ్ల గ్రీన్ ట్రెండ్స్ మొదలయ్యాయి. అక్కడి నుంచి ఫ్రాంచైజీల మీద మన నగరాలకూ, తర్వాత జిల్లా కేంద్రాలకూ పాకాయి. ఫ్రాంచైజీలో మెలిక ఏంటంటే, పెట్టుబడి పెట్టేవాడికి కత్తెర పట్టుకోవడం రానక్కర్లేదు. తరతరాలుగా ఈ పనిని తక్కువగా చూసిన ఇళ్లవాళ్లకే ఇప్పుడిది మంచి బిజినెస్‌గా కనిపించింది. గల్లీ షాపుల్లో వర్కర్‌కు చాలాచోట్ల రోజు సంపాదనలో సగం వాటా. అక్కడ జీతం, టార్గెట్, మీద ఒక యూనిఫారం. నాయీబ్రాహ్మణ కుర్రాళ్లు చాలామంది ఆ యూనిఫారం వేసుకున్నారు. వాళ్ల పక్క కుర్చీ దగ్గర ఉత్తరప్రదేశ్ కుర్రాడో మణిపూర్ అమ్మాయో నిలబడ్డారు. 2022 చివర్లో నేచురల్స్‌లో 49 శాతం వాటా కోసం రిలయన్స్ రిటైల్ చర్చలు జరుపుతోందని వార్తలొచ్చినప్పుడు, మా గల్లీ షాపాయన పేపరు మడిచి అద్దం పక్కన పెట్టి ఒక్క మాటే అన్నాడు. “డబ్బులొచ్చాయి కాబట్టి పని మంచిదైంది. మా పేరు మాత్రం తిట్టు కిందే ఉంది సార్.”

ఆయన అన్నది ఊరికే కాదు. ఆ కులాన్ని కించపరిచే మాటలు వాడొద్దని అదే 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. నాకు ఈ తగాదాలో ముల్లు ఇక్కడే కనిపిస్తుంది. గింజలు కొలిచిన రోజుల్లో ఈ పని మాకు కావాలని పోటీకి ఎవరూ రాలేదు. లాభం కనపడ్డాక అందరూ వచ్చారు. లాభం పంచుకున్నారు, తిట్టును మాత్రం పాతవాళ్లకే వదిలేశారు. ‘మా వృత్తిని మాకే ఉంచండి’ అనే డిమాండ్‌తో నేను ఏకీభవించను. పుట్టుకను బట్టి పని అన్నదాన్నే అది మళ్లీ స్థిరం చేస్తుంది, పైగా అలా ఆపే చట్టం నిలవదు. కానీ ఆ కోపం ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం అర్థమవుతుంది.

ప్రభుత్వాలు ఇచ్చినవన్నీ కొండోజు దారిలోనే ఉన్నాయి, అంటే మినహాయింపులు. 2020లో లాక్‌డౌన్ వల్ల మార్చి నుంచి షాపులు మూతపడి, తెలంగాణలో మే 19న తెరుచుకున్నాయి. రెండు నెలల్లో ఎంతోమంది ఇంట్లో ట్రిమ్మర్ పట్టడం నేర్చుకున్నారు. మా ఇంట్లో నా తల మీద జరిగిన ప్రయోగం గురించి చెప్పకపోవడమే మంచిది. ఆ జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ‘జగనన్న చేదోడు’ కింద ఏటా పది వేలు ఇవ్వడం మొదలై, 2023 దాకా సాగింది. మొదటి ఏడాది రజకులు, దర్జీలతో పాటు 38 వేల పైచిలుకు నాయీబ్రాహ్మణులకు అందాయి. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో సెలూన్లకూ లాండ్రీలకూ నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితం. 2023 సెప్టెంబర్‌లో మొదలైన కేంద్ర విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో క్షురక వృత్తి ఒకటి. పనిముట్లకు 15 వేలు, మొదటి విడతగా లక్ష దాకా అప్పు. ఇవి ఉన్న షాపు నిలబడటానికి పనికొస్తాయి. మెయిన్ రోడ్డులో అద్దె కట్టడానికి చాలవు. కొడుకు షాపులో కూర్చోవడానికి అసలే చాలవు. మా షాపాయన కొడుకు బీటెక్ చదువుతున్నాడు. రెండో కుర్చీ దగ్గర పనిచేసేది గోరఖ్‌పూర్ వైపు నుంచి వచ్చిన కుర్రాడు. ‘గడ్డం’ అన్న మాట ఒక్కటీ తెలుగులో స్పష్టంగా అంటాడు.

అందరూ పండగ చేసుకున్న మార్పొకటి గల్లీ షాపుకు ఎదురు తిరగొచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న షాపుకు ముందు నుంచీ జీఎస్టీ లేదు. అంటే ఐదు వందల కటింగ్ మీద పెద్ద సెలూన్‌లో పడే తొంభై రూపాయల పన్ను చిన్న షాపుకు ఒక కంచెలా ఉండేది. ఇప్పుడది ఇరవై ఐదు. అద్దె మీద, సామాన్ల మీద కట్టిన పన్నును పెద్ద సెలూన్లు ఇక తిరిగి రాబట్టుకోలేవు కాబట్టి రేట్లు పూర్తిగా ఆ మేరకు దిగకపోవచ్చు. తేడా తగ్గిందన్నది మాత్రం ఖాయం.

వీటన్నిటి కంటే నన్ను ఆలోచనలో పడేసేది యాప్. 2014లో అర్బన్‌క్లాప్‌గా మొదలై తర్వాత అర్బన్ కంపెనీగా మారిన యాప్ లాంటివి ఇప్పుడు ఇంటికే మనిషిని పంపుతున్నాయి. మొన్న పక్క ఫ్లాట్‌లో ముసలాయన కదల్లేక ఉంటే ఆయన కొడుకు బుక్ చేశాడు. వచ్చిన కుర్రాడు బ్యాగు విప్పి, నేల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, కత్తెర, ట్రిమ్మర్, స్ప్రే సీసా, చిన్న అద్దం వరసగా సర్దాడు. పని అయ్యాక వెంట్రుకలన్నీ షీటులోనే చుట్టి బ్యాగులో పెట్టుకున్నాడు. ముసలాయన అలవాటు కొద్దీ, స్నానం అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. కుర్రాడు సోఫా అంచున కూర్చుని, ఫోన్ ముందుకు చాపి, “సార్, ఫైవ్ స్టార్ కొట్టండి, నాలుగొస్తే బుకింగులు తగ్గుతాయి” అన్నాడు.