తూటాలు లెక్కపెడుతూ చూసే సినిమా

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

హంతకుల వేట సినిమాలంటే మీకెంత ఇష్టమో నాకు తెలుసు. నాకూ ఇష్టమే. అందుకే ఈ సెలవుల్లో మీరందరూ కలిసి చూడాల్సిన సినిమా ఒకటి చెబుతున్నాను. 1949లో జపాన్‌లో వచ్చింది. దాని పేరు 'నొరా ఇను', అంటే ఊరకుక్క. 'స్ట్రే డాగ్' అని వెతికితే దొరుకుతుంది. తీసింది అకిరా కురొసావా. నలుపు తెలుపు సినిమా, రెండు గంటల పైనే ఉంటుంది. కార్లు గాల్లోకి ఎగరవు, మేడలు పేలవు. అయినా ఒకసారి కథలో పడ్డారంటే మధ్యలో లేవరు.

హంతకుడెవరన్నది ఇందులో రహస్యం కాదు. వాడి పేరు సగంలోనే తెలిసిపోతుంది. కాబట్టి కథ ముందే చెప్పేసినా మీకు పోయేదేమీ లేదు. చివరి ఘట్టం కూడా చెప్పేస్తాను, నాకు ముఖ్యమనిపించిందంతా అక్కడే ఉంది మరి.

మురకామి అని ఒక కుర్ర డిటెక్టివ్. ఉద్యోగానికి కొత్త. ముందు రాత్రి నిద్ర లేదు, పొద్దున్నే తుపాకీ సాధన చేసి మిట్టమధ్యాహ్నపు ఎండలో కిక్కిరిసిన బస్సెక్కుతాడు. కోటు జేబులో సర్కారు ఇచ్చిన కోల్ట్ పిస్తోలు, అందులో ఏడు తూటాలు. బస్సు దిగి జేబు తడుముకుంటే పిస్తోలు లేదు! పరుగెత్తుతాడు, దొంగ దొరకడు. ఉద్యోగం వదిలేస్తానని పై అధికారి ముందు నిలబడితే ఆయన ఒప్పుకోడు. అక్కడి నుంచి ఆ తుపాకీ కోసం వెతుకులాట. కొన్నాళ్ళకే అదే తుపాకీతో ఎవరో ఒకామెను కాల్చి డబ్బు దోచుకుంటారు. అది తన తుపాకీయేనా అన్న అనుమానంతో మురకామి సాధన చేసిన చోటికి తిరిగి వెళ్ళి, చెట్టు మొద్దులో దిగిన తన తూటాను తవ్వి తెస్తాడు. దాన్నీ, ఆమెకు తగిలిన తూటానూ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే, వాటి మీద తుపాకీ గొట్టం వేసిన గీతలు కలిసిపోతాయి. ఆ క్షణంలో ఆ కుర్రాడి ముఖం చూడండి. ఇంకా తుపాకీలో మిగిలిన తూటాలన్నీ తన లెక్కలోనే పడతాయని వాడికి అప్పుడే అర్థమవుతుంది. సస్పెన్స్ అంతా ఈ లెక్కలోనే ఉంది. ఒక్కో తూటా తగ్గుతున్నకొద్దీ మనకూ గుండె దడ పెరుగుతుంది.

ఆనాటి టోక్యో సంగతి కాస్త తెలియకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. యుద్ధంలో జపాన్ 1945 ఆగస్టులో లొంగిపోయింది. అంతకుముందు మార్చిలో ఒక్క రాత్రి అమెరికా విమానాలు కురిపించిన నిప్పుబాంబులకు ఆ ఊళ్ళో దాదాపు లక్షమంది చనిపోయారు. ఇళ్ళన్నీ కొయ్యవి కదా, వీధులకు వీధులే బూడిదయ్యాయి. తర్వాత 1952 దాకా ఆ దేశం అమెరికా సైన్యం అధీనంలోనే ఉంది. దూర దేశాల నుంచి లక్షల మంది సైనికులు ఓడిపోయి తిరిగొచ్చారు. వాళ్ళకు పని లేదు, చాలామందికి ఇల్లు లేదు. బియ్యం రేషన్ మీదే. రేషన్ చాలనివాళ్ళు నల్లబజారుకు పోవాల్సిందే.

కురొసావా ఈ సంగతులేవీ ఉపన్యాసంలా చెప్పడు. ఒక చిన్న కార్డు చూపిస్తాడు, అంతే. అక్కడ దొంగచాటుగా తుపాకీలు అద్దెకిచ్చేవాళ్ళున్నారు. తుపాకీ కావాలంటే బియ్యం రేషన్ కార్డు తాకట్టు పెట్టాలి. ఆ కార్డు మీదున్న పేరుతోనే పోలీసులకు హంతకుడి ఆచూకీ తెలుస్తుంది. యుద్ధకాలంలో మన దేశంలోనూ రేషన్ వచ్చింది. బియ్యం కార్డు పోతే ఇంట్లో ఏమవుతుందో మన పెద్దవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. అన్నం పెట్టే కార్డు ఇచ్చేసి తుపాకీ తెచ్చుకున్నవాడు ఎంత దూరం వెళ్ళిపోయాడో ఆ ఒక్క వస్తువే చెప్పేస్తుంది.

సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు నాలుక బయటపెట్టి రొప్పుతున్న కుక్క కనిపిస్తుంది. దాని వెనక ఒక కథ ఉంది. ఒక ఊరకుక్కను తెచ్చి, సైకిలు వెంట పరుగెత్తించి, అది ఆయాసపడుతుంటే చిత్రీకరించారు. జంతు సంక్షేమం చూసే ఒక అమెరికన్ మహిళ అది చూసి, కుక్కకు పిచ్చెక్కించే సూది వేశారని ఆరోపించింది. నిజం కాదని కురొసావా రాతపూర్వకంగా చెప్పుకోవాల్సి వచ్చింది. యుద్ధంలో ఓడిపోయినందుకు తనకు అంత బాధ మరెప్పుడూ కలగలేదని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. పరాయి సైన్యం కింద బతుకుతూ తీసిన సినిమా అని గుర్తుపెట్టుకుని చూడండి.

ఇక ఆ వెతుకులాట. బస్సులో తన పక్కనే నిలబడిన ఒకామెను మురకామి పాత జేబుదొంగల ఫొటోల్లో గుర్తుపడతాడు. నడివయసు మనిషి, ఆరితేరిన దొంగ. ఆమె ఎక్కడికి వెళితే అక్కడికి నీడలా రోజంతా వెంటబడతాడు. విసుక్కున్నా పోడు, తిట్టినా పోడు. రాత్రయ్యేసరికి ఆమెకే జాలేసి బీరు, తినడానికేదో తెచ్చి పెడుతుంది. అక్కడే వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ, నక్షత్రాలు ఇంత బాగుంటాయన్న సంగతే ఇరవై ఏళ్ళుగా మరిచిపోయానంటుంది. దొంగ నోటి నుంచి వచ్చే ఆ మాట కోసం కురొసావా కథను కాసేపు ఆపేస్తాడు. నాకు ఈ సినిమా మీద ప్రేమ పుట్టింది అక్కడే. చిన్న పాత్రను కూడా ఊరికే వాడుకుని పారేయడు.

ఆమె ఇచ్చిన సలహా ప్రకారం మురకామి పాత సైనికుడి దుస్తులేసుకుని, దిక్కులేనివాడిలా నల్లబజారు సందుల్లో తిరుగుతాడు. ఇక్కడ సుమారు తొమ్మిది నిమిషాల పాటు మాటల్లేవు. కాళ్ళు, కళ్ళు, చెమట, జనం, ఎక్కడి నుంచో వినిపించే పాటలు. సాగదీశాడని చాలామంది అంటారు. మీరు మాత్రం దయచేసి ముందుకు జరపొద్దు. అదంతా సెట్టు కాదు, అసలు నల్లబజారులోనే తీసింది చాలా ఉంది. ఆ తీసే పని సహాయకుడు ఇషిరో హోండాకు అప్పగించారు. కొన్ని చోట్ల మనకు కనిపించే కాళ్ళు కథానాయకుడివి కావు, హోండావి. 1954లో గాడ్జిల్లా తీసిన హోండా ఈయనే! ఆ ముఖాలన్నీ నిజంగా ఆకలితో ఉన్న మనుషుల ముఖాలు. డబ్బు పోసినా అవి ఇప్పుడు మళ్ళీ దొరకవు.

మురకామి వేషం వేసింది తొషిరో మిఫునే. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళవాడు, తనూ యుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చినవాడే. ఆయనకు తోడుగా వచ్చే పెద్ద డిటెక్టివ్ సాతోగా తకాషి షిమురా వేశాడు. వీళ్ళిద్దరి మధ్య తేడా గమనిస్తే పోలీసు పని ఎలా జరుగుతుందో తెలుస్తుంది. తుపాకీ మార్పిడి చేసే అమ్మాయిని మురకామి ఆవేశపడి ముందే పట్టేసుకుంటాడు, అక్కడికి రావాల్సిన అసలు మనిషి కాస్తా జారిపోతాడు. అదే అమ్మాయిని సాతో ప్రశ్నించే తీరు చూడండి. ఆమెకు పుల్ల ఐస్ తెప్పిస్తాడు, సిగరెట్టు ఇస్తాడు, ఇంటి ముచ్చట్లలా మాట్లాడతాడు. బెదిరింపు లేదు, తొందర లేదు. తనకు తెలియకుండానే ఆమె నోటి నుంచి సంగతి జారిపోతుంది.

అద్దె తుపాకీల వ్యాపారికి బేస్‌బాల్ పిచ్చి అని తెలిసి ఇద్దరూ కొరకుయెన్ స్టేడియానికి వెళతారు. క్రికెట్ చూసే మీకు ఆ హోరు కొత్త కాదు. వేలమంది జనం. అంతమందిలో ఒక్కడిని కనిపెట్టాలి, కనిపెట్టినా అక్కడే పట్టుకోకూడదు. వాడి దగ్గర తుపాకీ ఉంటే చుట్టూ ఉన్నవాళ్ళ గతేమిటి? వాణ్ణి మైకులో పేరు పెట్టి పిలిపించి బయటికి రప్పిస్తారు. ఒక్క గుండు పేలకుండా అంత ఉత్కంఠ పుట్టించడం ఎలాగో సినిమాలు తీయాలనుకునేవాళ్ళు ఈ ఘట్టం చూసి నేర్చుకోవచ్చు.

సినిమా పొడుగునా ఎండ, ఉక్కపోత. విసనకర్రలు ఆడుతూనే ఉంటాయి, చొక్కాలు ఒంటికి అతుక్కుపోయి ఉంటాయి. నాట్యం ముగించుకుని వచ్చిన అమ్మాయిలు ఒకరి మీద ఒకరు పడి రొప్పుతుంటారు. మే నెల బెజవాడ తెలిసిన మనకు ఆ చిరాకు ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. చివరికి వాన విరుచుకుపడే రాత్రే సాతో మీద తుపాకీ పేలుతుంది. అప్పుడు ఆయన మురకామికి ఫోను చేస్తూ ఉంటాడు. రిసీవరు తీగకు వేలాడుతూ ఉండిపోతుంది, ఇటువైపు మురకామి అరుస్తూనే ఉంటాడు.

హంతకుడి పేరు యూసా. వాణ్ణి చివరిదాకా మనకు సరిగ్గా చూపించరు. వాడి అక్క ఇల్లు చూస్తాం, అక్కడ దొరికిన నలిగిన కాగితం చూస్తాం. తన వెంటబడిన పిల్లిని చంపేశానని అందులో రాసుకుంటాడు. వాడు మనసుపడిన అమ్మాయి హరుమిని చూస్తాం. షాపు అద్దంలో ఆమె కళ్ళార్పకుండా చూసిన గౌను కోసమే వాడు దోపిడీ చేశాడు. ఆమె ఆ గౌను తొడుక్కుని గిరగిరా తిరుగుతుంటే, కన్నతల్లి పట్టుకుని ఊడదీసి వానలోకి విసిరేస్తుంది. ఆ తల్లి కోపం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇప్పుడు వినండి. యుద్ధం నుంచి తిరిగొస్తుంటే యూసా సంచిని ఎవరో దొంగిలించారు. వాడికి ఉన్న ఆస్తి మొత్తం అదే. ఆ తర్వాతే వాడు దారి తప్పాడు. మురకామి కూడా అలాగే తిరిగొచ్చాడు, వాడి సంచీ అలాగే రైల్లో పోయింది. వాడికీ కసి పుట్టింది, తానూ దొంగతనానికి దిగేవాడినే అంటాడు. కానీ పోలీసు ఉద్యోగంలో చేరాడు. అంటే వేటాడేవాడికీ వేటాడబడేవాడికీ జరిగిన నష్టం ఒక్కటే. అందుకే మురకామికి యూసా మీద జాలి. ఆ జాలి సాతోకు నచ్చదు. చచ్చిపోయినవాళ్ళ సంగతేమిటని ఆయన బాధ. నిజమే కదా? యూసా చంపిన ఆవిడ ఇల్లు చూశాక, దుఃఖం పట్టలేక పెరట్లో టమాటాల మీద కసి తీర్చుకునే ఆమె భర్తను చూశాక, పేదరికం ఉంది కాబట్టి క్షమించేద్దాం అనడానికి మనకు నోరు రాదు. సినిమా కూడా అనదు. అలాగని యూసాను రాక్షసుణ్ణి చేసి మన చేతులు దులుపుకోనివ్వదు కూడా.

చివర్లో రైల్వే స్టేషన్. యూసా ఎలా ఉంటాడో మురకామికి తెలియదు, చేతిలో తుపాకీ కూడా లేదు. రాత్రి వానలో నడిచినవాడికి ప్యాంటుకు బురద ఉంటుందని ఒక్కొక్కరి కాళ్ళూ చూస్తూ పోతాడు. ఒకడు ఎడమచేత్తో అగ్గిపుల్ల గీస్తాడు. దొరికాడు! ఇద్దరూ పొదల్లోపడి పరుగెడతారు. పక్కనున్న ఇంట్లో ఒకామె పియానో వాయించుకుంటూ ఉంటుంది. తుపాకీ మోత విని కిటికీలోంచి చూసి, మళ్ళీ వాయించుకుంటుంది. మురకామి చేతికి గాయమై నెత్తురు కారుతుంది, అయినా వెనక్కి తగ్గడు. మిగిలిన తూటాలు గురి తప్పుతాయి. ఇద్దరూ బురదలో దొర్లుతారు. ఇద్దరివీ తెల్ల దుస్తులే, ఇద్దరూ మట్టి కొట్టుకుపోయి ఉంటారు. పోలీసు ఎవరో దొంగ ఎవరో మనకు గుర్తు దొరకదు. బేడీలు వేశాక ఇద్దరూ పక్కపక్కనే పడి రొప్పుతుంటే, అటువైపుగా చిన్నపిల్లలు పాట పాడుకుంటూ వెళతారు. అది విని యూసా గొంతు చించుకుని ఏడుస్తాడు. ఆ ఏడుపు వినేటప్పుడు దయచేసి ఎవరూ మాట్లాడకండి.

ఆ తర్వాత ఆసుపత్రి మంచం మీంచి సాతో అంటాడు: ఇలాంటి కేసులు ఇంకా వస్తాయి, వస్తున్నకొద్దీ యూసా లాంటివాళ్ళను మరిచిపోతావు అని. సాతో కఠినుడు కాదు. ఇల్లు, పిల్లలు ఉన్నవాడు, అలా మరవగలిగాడు కాబట్టే ఇన్నేళ్ళు ఆ పని చేయగలిగాడు. అయినా నేను మాత్రం మురకామి పక్షాన్నే ఉంటాను. ఆ కుర్రాడు మరిచిపోకూడదు. వాడు మరిచిపోతే యూసాను తెలిసినవాడు ఇక పోలీసుల్లో ఒక్కడూ మిగలడు.

మీలో పెద్దవాళ్ళు దీంట్లో నాతో వాదనకు దిగుతారని తెలుసు, దిగండి. సినిమా చూశాక సాతో మాట సబబో మురకామి బాధ సబబో నాకు రాయండి. పదేళ్ళ లోపు వాళ్ళను మాత్రం కూర్చోబెట్టకండి, వాళ్ళకిప్పుడే తొందర లేదు. ఇది నచ్చితే ఇదే కురొసావా 1963లో తీసిన 'హై అండ్ లో' చూద్దురుగాని. అందులోనూ మిఫునే ఉన్నాడు, అందులోనూ ఉక్కపోతలో పోలీసుల వేటే, కాకపోతే అది పిల్లవాణ్ణి ఎత్తుకుపోయిన కథ. దాని గురించి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ