అపోహలు – వాస్తవాలు: వింతగా ఉన్న ప్రతి నాణెమూ మింట్ పొరపాటు కాదు

గత నెలలో జనగామ వైపు నుంచి ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చి, పంచె కొంగున ముడివేసి తెచ్చిన పది రూపాయల నాణేన్ని బల్ల మీద పెట్టారు. దాని నడిమి బిళ్ళ తిరగబడి ఉంది. సింహాల బొమ్మ ఉండవలసిన చోట రూపాయి గుర్తు కనిపిస్తోంది. ఆ నాణేనికి పన్నెండు లక్షలు ఇస్తామని ఫోనులో ఎవరో చెప్పారట. రిజిస్ట్రేషన్ పేరుతో 2,100 రూపాయలు, పన్ను పేరుతో 8,500 రూపాయలు అప్పటికే కట్టించుకుని, మూడోసారి అడుగుతుంటే ఆయనకు అనుమానం వచ్చింది. ఆయనది అత్యాశ అని నేను అనలేను, ఎందుకంటే కూతురి ఆపరేషన్‌కు చేసిన అప్పు తీరే దారి ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వెతుకుతున్న మనిషి ఆయన.

ఇరవై ఏళ్లకు పైగా నాణేల అచ్చుల తేడాలను, మింట్ (నాణేలు కొట్టే ప్రభుత్వ కర్మాగారం) పొరపాట్లను చూస్తున్న నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఎనిమిది మందిది ఇదే కథ. నాణెం మామూలుగా లేదు కనుక అది మింట్‌లో జరిగిన పొరపాటేనని, పొరపాటు కనుక లక్షలు పలుకుతుందని అనుకుంటారు. ఈ రెండూ అపోహలే, అందులోనూ మొదటిది చేసే నష్టం చాలా పెద్దది.

మింట్ పొరపాటు అంటే లోహపు రేకు నుంచి ఖాళీ బిళ్ళను కత్తిరించడం మొదలుకొని, అంచు లేపి, అచ్చుల మధ్య దెబ్బ పడి, నాణెం ప్రెస్సు నుంచి బయటపడే వరకు జరిగినది మాత్రమే. ఆ తరువాత దాని మీద బస్సు చక్రం ఎక్కినా, ఎవరైనా సుత్తితో కొట్టినా, ఆమ్లంలో నానబెట్టినా, అది దెబ్బతిన్న నాణెం అవుతుంది తప్ప మరొకటి కాదు. పెద్దాయన తెచ్చిన నాణేన్నే చూడండి. పది రూపాయల నాణెంలో బయటి వలయమూ లోపలి బిళ్ళా బొమ్మలేవీ లేకుండానే ప్రెస్సులోకి వెళతాయి. అచ్చులు కొట్టే ఒకే దెబ్బకు రెండూ బిగుసుకుంటాయి, రెండింటి మీదా ముద్ర పడుతుంది. కలిసిన తరువాతే బొమ్మ వస్తున్నప్పుడు, బొమ్మతో ఉన్న నడిమి బిళ్ళ మింట్‌లో తిరగబడే అవకాశమే లేదు. ఎవరో దానిని ఊడగొట్టి తిప్పి బిగించారు, అతుకు చుట్టూ పనిముట్టు గీతలు కూడా స్పష్టంగా ఉన్నాయి. ఈ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం చూడడం నాకు చాలా కష్టమైంది.

కాబట్టి ఏ నాణెం చేతికి వచ్చినా, ఇలా కనిపించాలంటే మింట్‌లో ఏ దశలో ఏమి జరిగి ఉండాలి అని ముందుగా ప్రశ్నించుకోవాలి. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం చొచ్చుకుపోతుంది కనుక నాణెం మీద గీత పైకి లేచి ఉంటుంది. నాణేన్ని ఎవరైనా గీస్తే గీత లోపలికి దిగుతుంది, దాని ఒడ్డున లోహం కొద్దిగా ఉబుకుతుంది. బిళ్ళ కత్తిరింపులోనే ముక్క పోయిన అసలైన క్లిప్‌కు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు సాధారణంగా పలచబడి ఉంటుంది, ఎందుకంటే అంచు లేపే యంత్రంలో ఖాళీ వైపు ఒత్తిడి అందదు; ఆకురాయితో అరగదీసిన నాణేనికి ఆ ఎదుటి అంచు నిండుగా ఉంటుంది. అచ్చులో గ్రీజు నిండితే ఆ ఒక్కచోట అక్షరాలు మాయమవుతాయి గాని బరువు తగ్గదు. ఆమ్లంలో వేసిన నాణెం అంచుతో సహా అన్ని వైపులా కరిగి తేలికవుతుంది. 1992 నుంచి 2010 వరకు వచ్చిన స్టీలు రూపాయి బరువు 4.85 గ్రాములని, పాత మందపాటి అయిదు రూపాయలది 9 గ్రాములని తెలిసి, చేతిలో చిన్న తక్కెడా పదింతలు చూపే లూపూ (చిన్న భూతద్దం) ఉంటే, సగానికి పైగా సందేహాలు ఇంట్లోనే తీరిపోతాయి.

నేనూ మోసపోయినవాడినే. 2003లో ఒక ప్రదర్శనలో జార్జి రాజు కాలపు పావణాను (పావు అణా నాణెం), ఉత్తరాది వ్యాపారులు లఖీ అని పిలిచే బ్రోకేజ్ (ఒక వైపు బొమ్మ తిరగబడి లోపలికి దిగిన మింట్ పొరపాటు) అని నమ్మి, నాలుగు వేలకు కొన్నాను. అది అప్పట్లో నాకు సగం నెల జీతం. వారం తరువాత ఒక పెద్ద సేకర్త దానిని లూపు కింద పెట్టి, లోపలికి దిగిన తిరగేసిన అక్షరాల మధ్య అణిగిపోయి మిగిలిన పాత ముద్రను చూపించారు. నిజమైన బ్రోకేజ్‌లో ముందు కొట్టిన నాణెం అచ్చుకు అతుక్కుని ఉంటుంది కనుక, కొత్త బిళ్ళకు ఆ వైపు అచ్చు తగలనే తగలదు. అక్కడ పాత ముద్ర జాడ ఉండడానికి వీలులేదు. నా పావణాను ఎవరో మరో నాణెంతో కలిపి బిగుపట్టులో పెట్టి నొక్కారు. దానిని నేటికీ దాచుకున్నాను, కొత్తగా ఈ దారికి వచ్చేవారికి ముందుగా దానినే చూపిస్తాను.

ధర విషయం కూడా స్పష్టంగా చెప్పాలి. చిన్న క్లిప్ ఉన్న స్టీలు రూపాయిని మా మధ్య కొన్ని వందలకే ఇచ్చిపుచ్చుకుంటాము. కొనేవాడు అమ్మేవాడికి డబ్బు ఇస్తాడు. అమ్మేవాడినే ముందు డబ్బు కట్టమని అడిగితే అది మోసం, ఇందులో రెండో ఆలోచన అక్కరలేదు. తన పేరు వాడుకుని పాత నాణేలకు, నోట్లకు రుసుములు, కమీషన్లు, పన్నులు వసూలు చేస్తున్నారని, తనకు ఈ వ్యవహారాలతో సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఇప్పటికే కట్టినవారు సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేసి సైబర్ నేరాల విభాగానికి తెలపాలి.

సేకర్తలలోనే ఉన్న మరో గందరగోళం జంట అక్షరాలది. అచ్చు తయారీలోనే బొమ్మ రెండుసార్లు పడితే, ఆ అచ్చు కొట్టిన ప్రతి నాణెం మీదా అదే తేడా అదే చోట వస్తుంది, అక్షరాలు లావెక్కి చివరలు చీలి ఉంటాయి. దెబ్బ పడిన క్షణంలో అచ్చు కదిలితే వచ్చేది అక్షరాన్ని సన్నబరిచే చదునైన మెట్టు మాత్రమే. ఇది సర్వసాధారణం, దీనికి విలువ కట్టరు.

మిగిలినవి త్వరగా చెబుతాను. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ మింట్ గుర్తు, మన దగ్గర కొట్టిన నాణెం. అది అరుదైనది కాదు. ఏ గుర్తూ లేకపోతే పొరపాటున వదిలేసినట్టు కాదు, కోల్‌కతా మింట్ గుర్తు వేయదు. మన గణతంత్ర నాణేలను పుస్తకం పేజీలా పక్కకు తిప్పి చూడాలి. పై నుంచి కిందికి తిప్పి, బొరుసు తలకిందులైందని నాకు ఫోటోలు పంపవద్దు. లక్షలు పలుకుతాయని చెప్పుకునే 2012 నాటి వైష్ణోదేవి నాణేలు మామూలు స్మారక నాణేలే. పది రూపాయల నాణేలలో అప్పటికి 14 రకాలు వచ్చాయని, అన్నీ చెల్లుతాయని 2018లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది.

నిజమైన తేడాలు ఎక్కడ ఉంటాయో కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1911 నాటి అయిదవ జార్జి రూపాయి మీద రాజు దుస్తులలోని చిన్న ఏనుగు పందిలా కనిపించిందన్న అలజడి రేగి, కొట్టిన 94 లక్షలలో 7 లక్షలు చలామణిలోకి వెళ్ళాక మిగిలినవాటిని ఆపివేసి, 1912లో బొమ్మను సరిదిద్దారు. దానిని పొరపాటు నాణెంగా అమ్ముతుంటారు గాని, అది అచ్చులో ఉన్నది ఉన్నట్టుగా పడిన నాణెమే. విక్టోరియా రూపాయి మీద 1862 అన్న సంవత్సరాన్నే పదేళ్లకు పైగా కొనసాగించారు. బొంబాయి మింట్ వేసిన చుక్కలను లెక్కపెట్టి, ముఖచిత్రాలను పోల్చి ఆ రకాలను విడదీయడం ఒక జీవితానికి సరిపడే పని. మన నిజాం నాణేలలోనూ ఇటువంటిది ఉంది. 1911లో మహబూబ్ అలీ ఖాన్ మరణించాక, చార్మినార్ రూపాయి మీది చార్మినార్ బొమ్మ ద్వారంలో ఆయన పేరుకు గుర్తుగా ఉన్న మీమ్ అనే ఉర్దూ అక్షరం పోయి ఉస్మాన్ అలీ ఖాన్ పేరులోని ఐన్ వచ్చింది. తొలినాటి నాణేలలో అది పొట్టిగా, తరువాతి వాటిలో నిండుగా ఉంటుంది.

ఈ మాటలు ఆ రోజు పెద్దాయనకు కూడా చెప్పాను. పది రోజుల తరువాత ఆయన మనవడు, ఇంట్లోని పాత పెట్టెలో దొరికిన చార్మినార్ రూపాయి ఫోటోను నాకు పంపాడు. ద్వారంలో ఉన్నది పొట్టి ఐన్‌లాగే కనిపిస్తోంది గాని నల్లబడి ఉండడం వల్ల సంవత్సరం చదవలేకపోయాను. విభూతితో గాని పళ్లపొడితో గాని తోమవద్దని, అంచులు పట్టుకుని ఒక కాగితపు పొట్లంలో పెట్టి ఉన్నది ఉన్నట్టుగా తీసుకురమ్మని చెప్పాను. వచ్చే ఆదివారం వస్తామన్నారు.