తిరగేసిన చొక్కా

అమ్ములూ, బుజ్జిగా,

మొన్న ఆదివారం ఫోన్లో నువ్వడిగినదానికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకే బాగోలేదు. "తాతయ్యా, ఈ పుస్తకంలో రాకుమారి తనంతట తానే డ్రాగన్ల దగ్గరికి వెళ్లి నన్ను పెట్టుకోండి అంటుంది, విడిపించడానికి ఎవరైనా వస్తే వెళ్లిపోండి బాబూ అంటుంది, అంతా తప్పు తప్పుగా ఉంది, మరి నాకెందుకింత నవ్వొస్తోంది?" అన్నావు. వెనక నుంచి బుజ్జిగాడు "నాకేం నవ్వు రాలేదు" అని అరిచాడు. నిజం చెప్పాలంటే నన్ను ఆలోచనలో పడేసింది వాడి మాటే.

నీ చేతిలో ఉన్న ఆ 'డీలింగ్ విత్ డ్రాగన్స్' నేనూ చదివాను. పాట్రీషియా రీడీ అనే అమెరికన్ రచయిత్రి రాసింది, 1990లో వచ్చింది. మీ అమ్మ కాలేజీ రోజుల్లో ఎక్కడి నుంచో పట్టుకొచ్చి బల్ల మీద పడేస్తే, ఇదేం పుస్తకమే అని తీసినవాణ్ణి అర్ధరాత్రి దాకా కింద పెట్టలేదు. మీ అమ్మమ్మ రెండుసార్లు లేచొచ్చి లైటు తీసేసింది.

ముందు బుజ్జిగాడి సంగతి చూద్దాం. వాడికి ఐదేళ్లు. డ్రాగన్ రాకుమారిని ఎత్తుకుపోతుందనీ, ఆవిడ కిటికీ దగ్గర కూచుని ఏడుస్తుందనీ, ఒకడు గుర్రమెక్కి కత్తి పట్టుకుని వస్తాడనీ వాడికింకా ఎవరూ చెప్పలేదు. అంచేత రాకుమారి డ్రాగన్ గుహలో వంట చేస్తూ, పుస్తకాలు సర్దుతూ ఉంటే వాడికి అది మామూలు సంగతే. మీ అమ్మ ఆఫీసుకి వెళ్లినట్టు ఆవిడ గుహకి వెళ్లింది, అంతే. నీకేమో పాత కథలన్నీ వచ్చు. నువ్వు ఈ పుస్తకం చదువుతున్నంతసేపూ లోపల ఆ పాత కథ కూడా నడుస్తూనే ఉంటుంది, రెండూ ఎక్కడ ఢీ కొట్టుకుంటే అక్కడ నీకు నవ్వొస్తుంది.

నువ్వెప్పుడైనా చొక్కా తిరగేసి వేసుకుని స్కూలుకి వెళ్లావా? నేను వెళ్లాను. నాలుగో తరగతి. పొద్దున్నే చీకట్లో లేచి, లాంతరు వెలుగులో దొరికింది దొరికినట్టు తొడుక్కుని పరిగెత్తాను. కుట్లన్నీ బయటికి, జేబు లోపలికి, గుండీలు ఛాతీకి గుచ్చుకుంటూ. పెన్సిల్ పెట్టుకుందామని జేబు కోసం తడుముకుంటుంటే క్లాసు క్లాసంతా విరగబడి నవ్వింది. ఎందుకు నవ్వారంటావు? చొక్కా సరిగ్గా వేసుకుంటే ఎలా ఉంటుందో వాళ్లందరికీ తెలుసు కాబట్టి. అసలు చొక్కా అంటే ఏమిటో తెలీని వాడెవడైనా అక్కడుంటే, ఈ ఊళ్లో ఇదే ఫ్యాషన్ కాబోలు అనుకుని ఊరుకునేవాడు. మన బుజ్జిగాడు ఆ నవ్వని వాడన్నమాట.

అయితే ఆ రోజు నవ్వని మనిషి ఇంకొకరున్నారు. సాయంత్రం ఇంటికొస్తుంటే, వీధి చివర మిషను మీద కూచున్న టైలరు గారు పిలిచారు. ఆ చొక్కా కుట్టింది ఆయనే. తిడతారేమో అనుకున్నాను. ఆయన నన్ను అటూ ఇటూ తిప్పి, పక్కన బీడీ కాల్చుకుంటున్న పెద్దమనిషికి నా భుజం చూపించి, "బయటి వైపు ఎవడైనా బాగానే కుడతాడండీ, లోపల చూడండి, ఒక్క పోగైనా వేలాడుతోందా?" అన్నారు. ఆ ముఖంలో ఎంత గర్వమో! ఇంటికెళ్లి చొక్కా విప్పి నేనూ చూశాను. కాలరు గట్టిగా నిలబడటానికి లోపల బక్రం గుడ్డ పెడతారని నాకు అప్పుడే తెలిసింది. చంక దగ్గర చిరక్కుండా రెండు వరసలు కుట్టారు. అప్పటిదాకా చొక్కా అంటే చొక్కాయే. ఆ రోజు నుంచి ఎవరో కూచుని కుట్టిన వస్తువు.

నీ పుస్తకం చేసే పని సరిగ్గా ఇదే. పాత కథల్ని తిరగేసి కుట్లు చూపిస్తుంది. అంతఃపురంలో రాకుమారికి మర్యాదలు నేర్పుతారు, అందులో రాక్షసుడు ఎత్తుకుపోతున్నప్పుడు ఎంత గట్టిగా అరవొచ్చో కూడా ఒక పాఠం! రాకుమారులు అరవడం, రాక్షసులు ఎత్తుకుపోవడం పాత కథల్లో తరతరాలుగా జరుగుతూనే ఉందిగా, ఎవరో ఒకరు నేర్పే ఉంటారు కదా అని రచయిత్రి ఆలోచించింది. అదే బక్రం. తర్వాత మాట్లాడే కప్ప కనిపిస్తే, శాపం తగిలిన రాకుమారుడివా అని అడుగుతుంది ఆ పిల్ల, కాదంటుంది కప్ప, ఉత్త కప్పనే, కాకపోతే అలాంటివాళ్లు నాకు తెలుసు అంటుంది. డ్రాగన్ల రాజ్యంలో 'రాజు' అంటే ఉద్యోగం పేరు, ఆడ డ్రాగనైనా మగ డ్రాగనైనా ఆ కుర్చీలో ఎవరు కూచుంటే వాళ్లే రాజు. మాంత్రికులు కత్తికీ మంత్రానికీ కాదు, నిమ్మరసం కలిపిన సబ్బు నీళ్లకి కరిగిపోతారు. బకెట్ ఎక్కడుంటుందో ఇల్లు తుడిచేవాళ్లకే తెలుస్తుంది మరి. ఈ చొక్కా ఉదాహరణని మరీ లాగుతున్నానేమో, ఎక్కడో చిరిగేలా ఉంది, అయినా ఇంకొక్క మాట.

సీసాలోంచి జిన్నీ వస్తాడు చూడు, ఆ ఘట్టానికి వచ్చావా? రాకపోతే ఈ పేరా వదిలెయ్. అరేబియన్ నైట్స్‌లో ఒక జాలరి వలలో మూత బిగించిన ఇత్తడి కూజా పడుతుంది. లోపలి జిన్నీ మొదటి వందేళ్లూ విడిపించినవాడికి సిరిసంపదలిస్తానని ఒట్టు పెట్టుకుంటాడు, ఎవరూ రారు, చివరికి విసిగిపోయి, విడిపించినవాణ్ణి చంపుతాను, ఎలా చావాలో మాత్రం వాడే కోరుకోవచ్చు అని ఒట్టు మార్చుకుంటాడు. నీ పుస్తకంలోనూ జిన్నీ అదే అడుగుతాడు, ఎలా చావాలనుకుంటున్నావు అని. మన రాకుమారి తడుముకోకుండా "ముసలితనం వచ్చి" అంటుంది. అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు ఒక్కణ్ణే నవ్వుకున్నాను. హిరణ్యకశిపుడు పగలు వద్దు, రాత్రి వద్దు, ఇంట్లో వద్దు, బయట వద్దు అని అంత చాంతాడు జాబితా చదివి కూడా సంధ్యవేళ గడప మీద దొరికిపోయాడు. ఈ పిల్ల ఒక్క ముక్కతో పని కానిచ్చేసింది.

ఇలా తిరగేయడం కొత్త సంగతేం కాదు. మన కలకత్తాలో 1811లో పుట్టిన థాకరే అనే ఇంగ్లిషు రచయిత 1854 క్రిస్మస్‌కి 'ద రోజ్ అండ్ ద రింగ్' అని పిల్లల కోసం ఇలాంటిదే ఒకటి వేశాడు. అందులో దేవత మొదట్లో అందర్లాగే మంత్రపు బహుమతులు ఇస్తుంది, అవి తీసుకున్నవాళ్లు సోమరిపోతులై చెడిపోవడం చూసి, చివరికి ఒక బుజ్జి రాకుమారికి "ఈ పాపకి కాసిన్ని కష్టాలిస్తున్నాను" అని దీవిస్తుంది. దేవతని గుమ్మంలో కసురుకున్న నౌకరు తలుపుకి కొట్టే ఇత్తడి బొమ్మ అయిపోతాడు, ఏళ్ల తరబడి వచ్చినవాళ్లందరూ వాణ్ణి పట్టుకుని ఠకఠకా కొట్టడమే.

అంత దూరం ఎందుకు, మా నాయనమ్మ ఉంది. వేసవిలో పెరట్లో నులక మంచాలు వేసుకుని పడుకునేవాళ్లం. రోజూ అదే కథ: ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు, ఆ చెట్టు తొర్రలో పంజరం, పంజరంలో చిలక, ఆ చిలకలో మాంత్రికుడి ప్రాణం. ఒక రాత్రి నేను, "మాంత్రికుడు ఇక్కడ ఊళ్ల మీద తిరుగుతుంటే అక్కడ చిలక్కి జామపండు ఎవరు పెడతారు నాయనమ్మా?" అన్నాను. "కథకి కాళ్లు లేవు, ముంతకి చెవులు లేవు, నోర్మూసుకుని పడుకో" అంది. నా మొహం చిన్నబోయింది.

కానీ మర్నాడు రాత్రి, ఎవరూ అడక్కుండానే, మొదలుపెట్టింది. చిలక్కి మేత వెయ్యడానికి మాంత్రికుడు ఒక ముసలమ్మని కుదుర్చుకున్నాట్ట. చిలక్కి జలుబు చేస్తే సముద్రాల ఇవతల వీడికి తుమ్ములట, మంత్రం చదవబోయిన ప్రతిసారీ హాచ్! ముసలమ్మకి సంగతి అర్థమైపోయింది. సంక్రాంతికి కొత్త చీర అడిగింది, ఇచ్చాడు. కూతురింటికి వెళ్లి పది రోజులుండి వస్తానంది, కాళ్లు పట్టుకున్నాడు. ఆఖరికి సముద్రాలు దాటి కత్తి దూసుకుంటూ రాజకుమారుడొస్తే, మాంత్రికుడే ఎదురెళ్లి, "బాబ్బాబూ, నన్ను చంపితే చంపు గానీ ముందు ఈ ముసల్దాని బాకీ తీర్చిపెట్టు" అన్నాట్ట. అరుగు మీద నిద్రపోతున్నట్టు నటిస్తున్న మా తాతగారి మంచం కిర్రుకిర్రుమని ఊగడం నాకిప్పటికీ వినిపిస్తుంది. పగలబడి నవ్వుతున్నారు ఆయన, శబ్దం రాకుండా.

ఆ మూడో రాత్రి మళ్లీ అసలు కథే చెప్పమన్నాం. ఇది నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. అంత వెక్కిరించాక అసలు కథ చప్పబడిపోవాలి కదా? చప్పబడలేదు సరికదా, చిలక మెడ మీద చెయ్యి పడేసరికి ఇంకా ఎక్కువ భయమేసింది, పైగా ఆ మాంత్రికుడంటే కాస్త జాలి కూడా. ఎందుకలా అవుతుందో నాకు పూర్తిగా తెలీదమ్మా, చెప్పడం రాక వదిలేస్తున్నాను. నాయనమ్మ ఆ పాత కథని ఎన్ని వందల సార్లు చెప్పి ఉంటుందో, ఎంత ఇష్టపడి ఉంటుందో, అందుకే దాన్ని అలా ఆటపట్టించగలిగింది అని మాత్రం అనుకుంటాను.

ఇష్టం లేకుండా వెక్కిరిస్తే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. ఆరో తరగతిలో కుంటుతూ నడిచే మాస్టారి వెనకాల ఆయనలాగే నడిచి అందర్నీ నవ్వించాను. ఆయన తిరిగి చూశారు. ఏమీ అనలేదు, బోర్డు వైపు తిరిగి లెక్క రాసుకున్నారు. అదీ ఇదీ ఒకటే నవ్వు కాదని నీకు నేను చెప్పక్కర్లేదు.

నువ్విప్పుడు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఇవాళ రాత్రి బుజ్జిగాడికి ఏడు చేపల కథ చెప్పు. ఏ ఆటా ఆడకుండా, బుద్ధిగా, రాజుగారి ఏడుగురు కొడుకుల దగ్గర్నుంచి బంగారు పుట్టలో చీమ దాకా. వారం రోజులు అదే చెప్పు, వాడికి కంఠతా రావాలి. అప్పుడొక రోజు వాడే మధ్యలో ఆపి, ఎండని చేపని పులుసు పెట్టేసుకోవచ్చు కదా అంటాడని నా పందెం. నోర్మూసుకో అనకు. అక్కణ్ణుంచి కథ వాణ్ణే చెప్పమని, వాడు చెప్పింది చెప్పినట్టు రాసి నాకు పంపు. మీ అమ్మమ్మ ఇప్పటికే ఆ పులుసులో మామిడికాయ వెయ్యాలంటోంది.

మీ
తాతయ్య